రంగు గడి

ఫారంలో మూడో గడి: రంగు.
‘బూడిద’ అని రాశాను.
భుజం మీంచి తొంగిచూసిన న్యాసా
“అబద్ధం!” అంది.
“అది నల్లగా ఉంది కదా,
మీ కెటిల్ అడుగంత నల్లగా.”

పక్కింటి పిల్ల. తొమ్మిదేళ్ళు.
బడి వదలగానే ఇంటికి కాదు, ఇక్కడికే వస్తుంది.
దానికి అబద్ధం నచ్చదు,
క్యారెట్లు మాత్రం అడక్కుండా తీస్తుంది.

నిజమే, నలుపే.
పుట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు.
రేల్తీన్ చన్నులకు మైనం కట్టిందని
మూడు రాత్రులు కోటు విప్పకుండా కొట్టంలో కూర్చున్నాను.
నాలుగో రాత్రి
ఒక్క కప్పు టీ పెట్టుకుందామని లోపలికెళితే
ఆ పావుగంటలో ఈనేసింది.
అంతే ఇవి.
చూసేవాళ్ళున్నంతసేపూ బిగబట్టుకుంటాయి.

తిరిగొచ్చేసరికి
తలుపు తోసుకుని బయటికొచ్చి, ముసురులో,
రాళ్ళగోడ చాటున తల్లి.
దాని ముందు తడి మడతమంచంలా
కాళ్ళు ఒక్కోటీ ఒక్కో దిక్కుకు విప్పుకుంటూ
ఇది.
గిట్టల కింద ఇంకా ఆ మెత్తటి రేకులు,
పుట్టగొడుగు అడుగున ఉంటాయే, అలాంటివి.
తల్లి కడుపు చిరగకుండా
తొడిగి పంపిన చెప్పులు.
నాలుగడుగులు వేస్తే అరిగిపోతాయి.

మావి మొత్తం పడిందో లేదో
లాంతరు కింద పరిచి చూశాను.
చిరుగు లేదు.
జున్నుపాలు చప్పరించిన చప్పుడు వినబడ్డాక
అప్పుడు గుర్తొచ్చింది టీ.
గోడమీద కప్పు.
అంచుదాకా కొనెమారా వాన.

మా పొలాలకు గేట్లుండవు.
గోడలో ఒకచోట రాళ్ళు వదులుగా పేరుస్తాం.
దించి, దాటించి, మళ్ళీ పేర్చాలి.
ఆటు వేళకి రేల్తీన్‌ని నాచు మేతకు ఒడ్డుకు తోలాలంటే
ముప్ఫైనాలుగు రాళ్ళు.
తీసుకొచ్చేటప్పుడు ఇంకో ముప్ఫైనాలుగు.
తుంటి మార్పించుకున్నప్పట్నుంచీ మా అన్న కోలీన్
గోడకానుకుని పెత్తనం మాత్రం చేస్తాడు.
“ఆ చదునుది కింద. కింద అంటుంటే!”
వెనకాల పిల్ల అతని జేబు నములుతుంటుంది.
అందులో ఉన్నది వెట్ పంపిన బిల్లు.
“తిననీ,” అంటాడు.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని
మళ్ళీ అతనే గొణుగుతాడు.

ఇంతకీ, ఆ గడి.
న్యాసా కదలదు. పెన్ను వంకే చూస్తుంది.
సరే పద అని టార్చి తీసుకుని కొట్టంలోకెళ్ళాం.
పిల్లకి మెడ కింద గోకుతూ
తల నా మోకాలికి ఆనించుకుని
“కంటి చుట్టూ చూడు,” అన్నాను.
“రెప్ప అంచున.”
చాలాసేపు చూసింది. ఊపిరి బిగబట్టి.
“ఒకటి. రెండు… ఐదు తెల్ల వెంట్రుకలు.”
“రేల్తీన్‌కీ అంతే. బొగ్గులా పుట్టింది.
ఏటా కాస్త కాస్త రాలి
నీకు పదిహేనేళ్ళొచ్చేసరికి ఇది వానమబ్బు,
ఇంకొన్నాళ్ళకి సీగల్.”
రేల్తీన్ తెల్లటి మూతి
మా ఇద్దరి మధ్యలోకి దూరింది, ఎండుగడ్డి వాసనతో.

ఒప్పుకున్నట్టే తలూపింది.
లోపలికొచ్చి నేను చేతులు కడుక్కునేలోగా
గడిలో నా మాట కింద
పెన్సిల్‌తో, చిన్నచిన్న అక్షరాలు:
‘ఇప్పటికైతే నలుపు.’

పెన్సిల్ రాతలు చెల్లవని ఫారం మీదే ఉంది.
రబ్బరు వెతికాను. దొరికింది కూడా.
అలాగే పోస్టు చేశాను.

సెప్టెంబరులో కొనడానికి ఎవరో వస్తారు.
ఎవరో ఒకరు రావాలి. దాణా ఖాతా అలా ఉంది.
పాలు మరిపించే ఆ వారం
గోడకటూ ఇటూ నిలబడి రాత్రంతా సకిలిస్తాయి,
కోలీన్ రేడియో పెద్దగా పెట్టుకుంటాడు.
న్యాసాకి ఇంకా చెప్పలేదు.
అడగలేదు. బహుశా తెలుసు.

ఈ సాయంత్రం ఆటు ఆలస్యంగా ఉంది.
రాళ్ళు దించాను. తల్లి దాటింది,
కాళ్ళు ఎక్కడ పెట్టాలో ఇంకా తెలీని నల్లపిల్ల
ఒక్క గెంతు ఎక్కువే గెంతింది.
తిరిగి పేర్చడానికి వంగాను.
గోడెక్కి కూర్చున్న న్యాసా
కాళ్ళూపుకుంటూ నాతో అంది:
“ఆ చదునుది కింద.”