సున్నం గీత

ఇరవై నాలుగు మీటర్ల పొడవు, పన్నెండు వెడల్పు.
టేపు అక్కర్లేదు, నా అడుగులు చాలు.
కందుకూరు డిగ్రీ కాలేజీలో ఇరవై ఏడేళ్లుగా అటెండర్ని.
జీతం గంట కొట్టినందుకు.
బాల్ బ్యాడ్మింటన్ కోర్టుకు సున్నం పోసినందుకు
ఎవరూ ఏమీ ఇవ్వలా. నేను అడగలా.

జాన్‌వెస్లీ సారు ఉన్న రోజుల్లో
నాలుగున్నరకు సముద్రం వైపు నుంచి గాలి లేచేది.
పసుప్పచ్చ ఊలు బంతి,
కోడిపిల్ల బరువు కూడా ఉండదు,
గాలి ఎటు ఊదితే అటు పోయే రకం.
"గాలి వాటా గాలికి పడెయ్. జానెడు అవతలికి కొట్టు,
అదే తెచ్చి గీత మీద పెడతది"
అనేవాడు సారు.
మాలకొండయ్యది ఎడంచేతి వాటం.
రాత్రంతా పొగాకు బ్యారన్లో మంట కాసి
చింతనిప్పు కళ్ళతో వచ్చి వెనక మూల నిలబడితే
గుంటూరోళ్ళు ఆ మూలకు బంతి వేయడమే మానుకున్నారు.
అప్పట్లో ఆట ఇరవై తొమ్మిదికి.

ఇప్పుడు ముప్పై అయిదుకి.
పాయింట్లు పెరిగాయి.

ఒంగోల్లో సింథటిక్ కోర్టు వేశారన్నారు. వేసుకోనీ అనుకున్నాం.
కావలి పక్కన కొత్త ఇంజినీరింగు కాలేజీలో
పైన రేకులు, చుట్టూ గోడలు. గాలికి లోపలికి టికెట్ లేదు.
ఆటగాడైతే ఫీజు లేదు, హాస్టలు ఉచితం,
రోజుకు నాలుగు గుడ్లు, ఏడాదికి రెండు జతల బూట్లు.
అద్దంకి, పొదిలి, సింగరాయకొండ,
మా దగ్గర ఓడిపోడానికి బస్సెక్కి వచ్చిన ఊళ్ళే
ఒక్కోటీ ఒక్కో జట్టు లేపింది.
తప్పేముంది? ఆట మా అబ్బ సొత్తా?

సుభానీ కూడా పోయాడు,
సైకిల్ షాపు బాజీ కొడుకు.
పోయే ముందురోజు నాతో చెప్పలేక
పంపు దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు.

సారు రిటైరయ్యాక ఆ కుర్చీ నింపలా.
లైబ్రరీ మేడమే ఇంచార్జి.
నెట్టు చిరిగిందని కాగితం పెడితే
"ఇంటర్నెట్ బాగానే ఉందే" అని తిరిగొచ్చింది.

మధ్యలో జిల్లా గీత మా ఊరి మీదుగా జరిగింది.
ప్రకాశం వాళ్ళం పడుకుని నెల్లూరు వాళ్ళమై లేచాం.
పోటీల లిస్టులో మా పేరు లేదేమని ఒంగోలుకు ఫోన్ చేస్తే
నెల్లూరును అడగమన్నారు.
నెల్లూరు, రేపు చెబుతామంది.
నా గీత అంగుళం పక్కకు పోతే
రిఫరీలు మోకాళ్ళ మీద కూర్చుని కొలిచేవాళ్ళు.

మొన్న మంగళవారం మా గ్రౌండ్లోనే మ్యాచి.
చీకటితో లేచి గీశాను.
పదింటికి ఎవడో బైకుతో తొక్కిపోతే మళ్ళీ దిద్దాను.
అయిదుగురు ఆడాలి. నలుగురొచ్చారు.
అయిదోవాడు చీమకుర్తి రాళ్ళ లారీ దిగి వస్తాడని
పదకొండు దాకా రోడ్డు చూశాం.
అవతల జట్టు నీలం బూట్లేసుకుని ఎగురుతా ఒళ్ళు వేడి చేసుకుంటోంది.
వాళ్ళ కెప్టెన్ సుభానీ.
వాకోవర్ అని రాసి, రెండు జట్లూ సంతకం పెట్టమన్నారు.
మా నలుగురిలో కెప్టెన్ ఎవరో
అప్పటిదాకా మేం అనుకోనేలేదు.

బల్ల దగ్గరికి కోర్టుకు అడ్డంపడి వస్తే చిటికెలో పని.
సుభానీ గీత వెంబడే చుట్టూ తిరిగి వచ్చాడు,
ఆరని సున్నం మీద బూటు పడకుండా.
"ఏందిరా ఆ ప్రదక్షిణం" అని వాళ్ళ కోచ్ నవ్వాడు.
వాడు నవ్వలా. నా వైపు చూడనూ లేదు.

బస్సు పోయాక
మా నలుగురూ అటిద్దరు ఇటిద్దరు నిలబడి
"పేరయ్య మామా, ఊరికే ఆడుకోమా?" అన్నారు.
ఆడుకోండ్రా, నాలుగున్నర దాకా ఉండండి,
గాలొస్తది, అప్పుడు చూడండి అన్నాను.

ఇద్దరికి నాలుగింటికే బస్సుంది.