పెచ్చుల నడుమ

చందంపేట దాటినంక, డిండి వాగు మలుపు కాడ
నాలుగు మేకులు, తెల్ల దారం, అయిదు మీటర్ల చదరం.
పొద్దున ఏడింటికే కాలే మట్టిని
చెంచాలతో తోడుతున్నం,
పసిపిల్లకు బువ్వ పెట్టినంత నిమ్మళంగ.

నా పని రిజిస్టరు.
ఏ పెచ్చు ఏ లోతుల, ఏ మూలకు, మొఖం ఏ దిక్కు.
రాయిని జానెడు జరిపినా
ఒక అబద్ధం పుడుతదని సారు చెప్పిండు.
అందుకే రాయి కంటే ముందు
రాయి ఉన్న జాగను ఎత్తుకుంటం
కాగితం మీదికి.

పల్లపు సాయమ్మ జల్లెడ కాడ కూలి.
ముప్పై ఏండ్లు కంకర కొట్టిన మనిషి.
దేవరకొండ రోడ్డు పడేటప్పుడు
ఎడమ కన్ను ఒక పెచ్చుకు పోయింది.
ఆ రోడ్డు మీదనే రోజూ మా జీపు వస్తది.

మొదటి వారమే మా సంచిలకెల్లి
మూడు రాళ్ళు తీసి అవతల పెట్టింది.
"ఇవి ఎండకు పగిలినయి. మనిషి కొట్టినయి గావు."
ఎట్ల తెలుసన్న.
"దెబ్బ తాకిన కాడ రాయికి బుగ్గ వస్తది బిడ్డా.
ఏలు పెట్టి సూడు.
బుగ్గ లేకుంటే కొట్టినోడు లేడు."

ఆ బుగ్గకు పుస్తకంల ఒక పేరుంది.
పరీక్షల రాసిన, బొమ్మ గీసిన, మార్కులొచ్చినయి.
వేలు పెట్టింది మాత్రం ఆ రోజే.

మూడో గుంట అడుగున, చేటంత జాగల
నలభై ఒక్క పెచ్చులు.
అన్నిట్ల ఒకే ఎర్ర నరం. ఒక్క రాయి పిల్లలు.
కొట్టిన మనిషి లేచిపోయినంక
వాటిని ఎవరూ ఊడ్వలేదు,
వాగు ఒండ్రు తెచ్చి పోసింది గని ఎత్తుకపోలేదు.

రేకుల షెడ్డు కింద తొమ్మిది రోజులు
ఒకదానికొకటి అతికిచ్చుకుంట కూసున్నం.
పని వెనుకకు నడుస్తది:
ముందు ఆఖరి దెబ్బ, ఆఖరుకు మొదటి దెబ్బ.
ఇక్కడ రాయిని తిప్పుకున్నడు.
ఇక్కడ అంచును నూరి బలం జేసుకున్నడు.
ఇక్కడ ఒక దెబ్బ మొండిగ విరిగింది.
సాయమ్మ నాలుక చప్పరించింది,
"తొందరపడ్డవు గదరా!"
వాడు షెడ్డు బయటనే ఉన్నట్టు.

వాడో, ఆమెనో తెల్వదన్న.
"ఆడది గూడ గావొచ్చు. నేను కొట్టలేదా?"

పదో రోజు
రాయి మళ్ళ రాయయింది,
నడిమిట్ల తప్ప.
లోపల బోలు:
అరచెయ్యంత పొడుగు, బాదంకాయ తీరు,
ఒక కొస మొనదేరి.
ఎతికిన గొడ్డలి దొరకలే.
గొడ్డలి లేని జాగ దొరికింది.
చేసుకున్నోడు చేతపట్టుకోని వాగు దాటిండు,
మాకు వాని చెత్త మిగిలింది.

ఆ బోలుల ప్లాస్టర్ పోసి అచ్చు తీసినం.
సాయమ్మ కుడిచేత్తో పట్టుకుంది, కుదరలే.
పుర్రచేతికి మార్చింది.
వేళ్ళు వాటంతట అవే సర్దుకున్నయి.
నేను పెన్ను తీసిన.
సారు తల అడ్డం ఊపిండు:
ఒక్క అచ్చుతోని అంత మాట అనొద్దు.
రాయలేదు.
ఇప్పుడు ఇక్కడ రాస్తున్న.

కాలం తేల్చేది రాయి గాదు, దాని పక్క ఇసుక.
రేణువు తాను ఆఖరుసారి ఎండ చూసినప్పటి నుంచి
లోపల్లోపల లెక్క పెట్టుకుంటదట.
మళ్ళ వెలుగు తాకితే ఆ లెక్క చెరిగిపోతది.
అందుకే అమాస రాత్రి, ఎర్ర లైటు కింద
గుంట గోడలకు ఇనుప గొట్టం దిగ్గొట్టి
నల్లబట్ట చుట్టి పంపినం.

ఆఖరి రోజు కూలి.
చిన్న మిషను మీద బొటనవేలు పెట్టాలె.
సాయమ్మ పెట్టింది. కొంగుతోని తుడిచి మళ్ళ పెట్టింది.
నాలుగుసార్లు.
కంకర ఆ గీతలన్నీ తినేసింది.
మిషను ఆమెను ఒప్పుకోలే.
సారు తన జేబుల నుంచి ఇచ్చిండు.

రిజిస్టరు ఆఖరి పేజీల రాసుకున్న:
జల్లెడ కాడ, ఉత్తరం మూల,
నేల మట్టానికి,
పల్లపు సాయమ్మ, మొఖం తూర్పుకు.

ఆటో ఎక్కుకుంట అడిగింది,
"ఆ ఇసుక ఏమన్న చెప్పిందా?"
ఇంకా లేదన్న.
"చెప్తది తీ. గన్నేండ్లు ఊకున్నది,
మీకేం తొందర."