తాకరాదు

చంద్రగిరి కోటలో, కింది హాల్లో,
కిటికీ పక్కన ఆ రాయి.
ముందున్న అట్ట మీద మూడు ముక్కలు:
వీరగల్లు. పదో శతాబ్దం. పలమనేరు ప్రాంతం.
పేరు లేదు.
పేరున్న చోట ఎవరో కొడవళ్ళు నూరుకున్నారు.
మిగిలింది ఒక చెయ్యి, చేతిలో బాకు,
వెనక తోకెత్తి పరిగెత్తే ఆవు.

ఏడాదికొకసారి కుప్పమ్మ వస్తుంది,
పొద్దుటి బస్సుకి. టికెట్టు కొంటుంది,
చెప్పులు గడప బయట విడుస్తుంది.
ఇక్కడ విడవనక్కర్లేదని మొదటేడు చెప్పాను.
తర్వాత చెప్పలేదు.

"మావోడు బాగుండాడా నాయినా?"
ఆస్పత్రిలో నర్సునడిగినట్టు అడుగుతుంది.
"ఎండా లేదు, వానా లేదు, బాగుండాడు."
"అదేనబ్బా నా దిగులు.
మా చేన్లో ఉన్నెప్పుడు
ఆవులు వీపు గోక్కుంటా ఉన్నెయి వాడికేసి.
వాటి కోసరమే గదా సచ్చింది."

నా ఉద్యోగమంతా రెండు మాటలు:
తాకొద్దు, జరగండి.
పసుపు రాతిని తింటుందని
ఆఫీసరు చెప్పింది అబద్ధం కాదు;
ఇరవయ్యేళ్ళు చూశాను,
ముట్టుకున్న ప్రతి చెయ్యీ
ఒక రేణువు ఇంటికి తీసుకుపోతుంది.
ముట్టుకోని రాయి కూడా ఏదో పోగొట్టుకుంటుంది,
దాన్ని రాసుకునే రిజిస్టరు మా దగ్గర లేదు.

ఆమె కొంగు ముడి విప్పే వేళకు
నాకు పైన ఫ్యాను ఆపలేదేమోనని అనుమానం వస్తుంది.
ఒక్కో మెట్టూ ఎక్కుతాను, మోకాలు పట్టుకుని.
ఫ్యాను ఎప్పుడూ ఆగే ఉంటుంది.

ఈ ఏడు, దిగేసరికి ఆమె వెళ్ళిపోయింది.
రాతి మీద ఏమీ లేదు,
నిన్నటి దుమ్ము కూడా చెదరలేదు.
అట్ట మీద,
పేరు ఉండాల్సిన ఖాళీలో,
తడి పసుపు. ఒక వేలిముద్ర.

రేపు శుక్రవారం, మాకు సెలవు.
తుడిచే పని శనివారం చూసుకుంటాను.