రాని జ్వరానికి కొలతలు

హెడ్డాఫీసు కాగితం వచ్చింది.
వస్తుందో రాదో తెలియని జ్వరానికి
రొయ్యల షెడ్డును సిద్ధం చేయాలట,
శనివారం లోపల.

తూకాల పుస్తకం వెనకవైపు తిప్పి
పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.
నూట నలభై మంది ఆడవాళ్లు,
పద్దెనిమిది స్టీలు బల్లలు,
ఒక్కటే గుమ్మం.

కొత్తగా ఏం రాయాలి?
గుమ్మంలో క్లోరిన్ నీళ్ల తొట్టి ముందే ఉంది.
తెల్ల బూట్లు, చేతి తొడుగులు, ముక్కుకి గుడ్డ, తలకి టోపీ,
పదకొండేళ్లుగా అన్నీ ఉన్నాయి.
కాకపోతే అవన్నీ
మా నించి రొయ్యకి ఏమీ అంటకుండా.
మనిషి నించి మనిషికి అనే గడి
ఈ పుస్తకంలో గీయడం ఇదే మొదలు.

"జలుబున్నవాళ్లు పనికి రాకూడదు" అని రాసి
నేనే నవ్వుకున్నాను.
ఐసులో చేతులు పెట్టి ఎనిమిది గంటలు నిలబడే చోట
ఎవరి ముక్కు కారదు?
పెంచలమ్మ దగ్గు విని
గోడ గడియారం సరిచేసుకోవచ్చు.

బల్లకి ఎనిమిది మంది కాదు, నలుగురు.
సరే.
మరి ఇసకపల్లి నించి వచ్చే ఆటోలో?
డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక తొమ్మిది మంది,
మా క్యారేజీలన్నీ ఒకరి ఒళ్లో.
ఆటో కంపెనీది కాదు, రోడ్డు కంపెనీది కాదు,
కాగితంలో ఆ మాటే లేదు.

తుపానంటే మాకు తెలుసు.
కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేస్తే
పడవల్ని మీదికి లాగి కడతాం,
బియ్యం అటకెక్కిస్తాం,
బడిలో చేరి ఒకరి భుజానికొకరు ఆనుకుని
తెల్లారగడతాం.
దీనికేమో కట్టినవన్నీ విప్పాలి.
ఆనుకోకపోవడమే ఆసరా.

శుక్రవారం ఉత్తుత్తికి చేసి చూశాం.
బల్లలు జరిపి, నేల మీద సున్నంతో గీతలు గీశాం.
అరగంట కాలేదు,
గుసగుసలన్నీ కేకలయ్యాయి.
చెంగమ్మ కోడలి సంగతి
ఐసు గదిలో మగాళ్లక్కూడా తెలిసిపోయింది.
జ్వరం చూసే తుపాకి నుదుటికి పెడితే
మస్తాన్‌బీ కళ్లు గట్టిగా మూసుకుని అడిగింది:
"ఎన్ని కేజీలు పడిందమ్మే?"

నవ్వులు ఆగాక మళ్లీ ఆమే,
"నిజంగా జొరమొస్తే ఇంటికి పొమ్మంటారు, పోతాం.
ఒలవని కేజీలు ఎవురు తూస్తారు?"

కాగితం మళ్లీ మొదటి నించీ చదివాను.
మాస్కులకి డబ్బుంది, సబ్బుకుంది,
గోడకి అంటించే బొమ్మలకుంది.
పేజీ తిప్పితే సంతకం.

రాత్రి షిఫ్టు వెళ్లిపోయాక
పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీశాను.
స్కేలు ఆనించి ఇంకో నిలువు గీత.
పైన: రాని రోజుకి కూలి.
కింద నూట నలభై పేర్లు.
అంకె వేసే అధికారం నాకు లేదు.
వేశాను, మూడొందల ఎనభై,
ఒక్కో పేరుకీ, చెయ్యి నొప్పెట్టేదాకా.

పైవాళ్లు కొట్టేస్తారేమో.
కొట్టేసినట్టు కనబడాలనే
సిరాతో వేశాను.