రసీదు పుస్తకం

కౌనస్‌లో నాది పటాలు కట్టే కొట్టు.
ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఎవరెవరి బొమ్మలకో అంచులు కడుతున్నాను.
మధ్యలో ఏముందన్నది నా పని కాదు,
మూలలు కలిశాయా లేదా, అంతే.

పోయిన నెల గ్యాలరీ వాళ్ళు వచ్చారు.
గోడకు అతికించే అట్ట మీద రాసుకొచ్చారు:
స్కిర్మంతె చేత గీయించింది ఆమె చీకటేనట.
చదివి వినిపించినవాడి గొంతులో
ఎండుద్రాక్ష నములుతున్నంత తీపి.

నేను రసీదు పుస్తకం తీశాను.
జిగురు మరకల పుస్తకం.
తేదీ, కొలత, చెక్క, బయానా, బాకీ.
అబద్ధానికి అందులో గడి లేదు.

చూడండి, ఇది జూన్. పసుపు పడవల బొమ్మ.
మాత్రలు వేళకు వేసుకుంటున్న రోజులు.
చేయి కాస్త వణికేది.
"గీత వణికితే నీళ్ళనుకుంటార్లే" అని నవ్వింది.

ఇది సెప్టెంబరు.
మీరు శోకనీలం అంటున్నారే, ఆ బొమ్మ.
శోకం కాదు నాయనా,
రంగుల కొట్లో ఆ నీలం సగం ధరకు ఇచ్చారు.
నాకూ ఒక డబ్బా తెచ్చిపెట్టింది, కిటికీ రెక్కలకు వేసుకోమని.
ఇదుగో, ఆ కిటికీ.

ఇక్కణ్ణుంచి నిదానంగా చూడండి.
నవంబరు. డిసెంబరు. పేజీ తిప్పండి.
ఇంకోటి తిప్పండి.
జబ్బు ఆమె ఇంట్లో కాపురమున్న నెలలివి.
ఒక్క చెట్టు గీయలేదు, ఒక్క గిన్నె కడగలేదు.
బీట్‌రూట్ చారు పట్టుకెళితే
"ఈ కుంచె ఎంత బరువో" అంది,
చెంచా వైపు చూస్తూ.

చీకటే గీసేదైతే
ఆ పదకొండు నెలలూ నాకు చేతినిండా పని ఉండాలి కదా?

మళ్ళీ అక్టోబరులో వచ్చింది. అరచేతంత కొలతలు.
ఒక కోడిగుడ్డు. ఒక ఎడమ చెప్పు.
ఆస్పత్రి కిటికీ అవతలి పావురం,
దానికి మెడ కుదరక మూడుసార్లు గీసింది.
అలా రెండేళ్ళు, కొలతలు పెరుగుతూ.

ఆ తర్వాతి మార్చికి రసీదు లేదు.
నేనూ చెప్పను.
కట్టి ఉంచిన మూడు పటాలు గోడవారన అలాగే ఉన్నాయి.
బాకీ పన్నెండు యూరోలు.

గ్యాలరీ అతను మర్యాదగా విన్నాడు.
అట్ట మార్చలేదు.
"జనానికి ఇలా అయితేనే పడుతుంది" అన్నాడు.

జనం ఆ పూట గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.
పేరు మార్గిరిస్. పందొమ్మిదేళ్ళు, గోళ్ళనిండా బొగ్గు.
అట్టను రెండుసార్లు చదివాడు.
వాళ్ళు వెళ్ళాక గొణిగాడు:
"నేను మాత్రలు మానేశానండీ.
వేసుకుంటే బొమ్మలు రావేమోనని."

నాకు ఉపన్యాసాలు చేతకావు.
పుస్తకం అతని వైపు తిప్పాను.
ఆమె పేరు లేని పేజీల మీద వేలు పెట్టి
చాలాసేపు ఉన్నాడు.
"ఇన్నా?"
"ఇన్ని."

ఆమె లోపల ఏ గదికి ఏ గది ఆనుకుని ఉందో నాకేం తెలుసు?
నాకు తెలిసినవి తేదీలు.
"చేయి మొద్దుబారితే డాక్టరుతో పోట్లాడు, వేరే మందు అడుగు,
ఆమె పోట్లాడేది" అన్నాను.
వాళ్ళక్కకి నా ముందే ఫోన్ చేయించాను.
టీ చల్లారిపోయింది, ఇంకోసారి పెట్టాను.

వెళ్తూ ఒక బొగ్గుబొమ్మ ఇచ్చాడు, పటం కట్టమని.
డబ్బు తర్వాత. గురువారం రమ్మన్నాను.

గురువారం కొట్టు మూసే వేళకు వచ్చాడు,
తడిసిన బూట్లు, పక్కన అక్క.
పటాన్ని దీపం కిందికి వంచి చూశాడు.
"ఎడమ మూల కలవలేదండీ."

నిజమే. వెంట్రుకవాసి.
మళ్ళీ అతికించి, బిగించి పెట్టాను.
జిగురు ఆరాలి, మంగళవారం రా అన్నాను.

ఆ జిగురు రాత్రికే ఆరుతుంది.