మొగిలి ఘాటులో దమ్ము

వేలంలో కొన్న మిలట్రీ లారీ.
నాదముని దానికి నీలంరంగు పూయించినాడు గానీ
గీసుకున్న చోటల్లా పచ్చే తేలతాది.

చిత్తూరులో బెల్లం మూటలెత్తుకుని
మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు
మూడో మలుపులో దానికి దమ్ము పోతాది.
యాక్సిలేటరు నేలకంటా తొక్కినా
ముల్లు పన్నెండొందల కాడ్నే తూగతాది,
తెల్లారుజామున కునికే కావలిమనిషి మాదిరి.
ఆపి, ఒక బీడీ తాగి, మళ్ళా స్టార్టు చేస్తే
ఏమీ ఎరగనట్టు పరిగెత్తతాది.

గవర్నరన్నారు. పంపన్నారు.
ఫిల్టర్లు రెండుసార్లు మార్చినాం.
రాగి వాషర్లు నిప్పులో కాల్చి వేసినాం.
నాదముని పెళ్ళాం ముడుపు కూడా కట్టింది.

మురుకంబట్టు షెడ్డులో పీరాంసాబు
స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని
టీ చల్లారిపోయేదాకా విన్నాడు.
"ఇంజనుది తప్పు లేదబ్బయా. దీనికి ఆకలి.
ట్యాంకు దించండి."

దించినాం. వంచినాం.
అడుగున, పీల్చే గొట్టం మూతి దగ్గర
జానెడు గుడ్డపేలిక.
ఇంజను గట్టిగా పీలిస్తే మూతికి అతుక్కుంటాది,
ఆగితే వదిలేస్తాది.
అంచున దారంతో కుట్టిన అంకెలు నాలుగు,
ఐదోది చిరిగిపోయింది.

ఏ మంచుకొండ మీద ట్యాంకు మూత పోగొట్టుకుని
ఏ పిల్లోడు కుక్కినాడో తన చొక్కాముక్క,
వాడి సరిహద్దు దాటి
మా బెల్లం బరువు దాకా వచ్చింది.

పీరాంసాబు దాన్ని పిండి
చేతులు తుడుచుకోబోయి ఆగినాడు.
మేకుకు తగిలించినాడు, ఆరనీ అని.

రాత్రి మూడో మలుపు దాటినాం.
ఖాళీగా నిలబెడితే ఇంజను
ఇంకా రవ్వంత తూగతాండాది.
అది మాత్రం గవర్నరే.