ఆలస్యంగా వచ్చిన 'ఉంది'

తోర్షావ్న్ రేవులో, చేపల గోదాం మీది అంతస్తులో
నేను చిన్న చిన్న పెట్టెలు కడతాను.
చెక్కవి కావు, తెర మీద నిలబడేవి.
ఒకదాంట్లో గాలి వేగం, ఒకదాంట్లో అల ఎత్తు,
అన్నిటికన్నా పైన, పెద్దక్షరాల్లో,
స్వీనోయ్ దీవికి ఇవాళ పడవ ఉందా లేదా.

పెట్టెకు సొంతంగా ఏమీ తెలియదు.
పుట్టగానే ఖాళీ చేతులతో కబురు పంపుతుంది
ఎక్కడో ఉన్న యంత్రానికి.
ఆ యంత్రం నడిసముద్రంలో
గొలుసుకు కట్టిన పసుపు బోయాను అడుగుతుంది.
బోయా ఊగుతుంది.
దాని భాషలో ఊగడమే జవాబు.

అంతసేపూ పెట్టె ఎవరి దారికీ అడ్డం నిలబడదు.
మిగతా పేజీ వేలితో జరిపితే జరుగుతుంది,
నొక్కితే పలుకుతుంది.
ఇది మాత్రం ఓ మూల
బూడిదరంగు చక్రం తిప్పుకుంటూ
నీళ్ళు నములుతుంది.

ముందు అడిగినదానికే ముందు జవాబొస్తుందని
రొట్టెల కొట్టు ముందు వరసలాగా ఊహించుకున్నాను,
ఫిబ్రవరిలో ట్రోందుర్ ఫోన్ చేసేదాకా.

ట్రోందుర్‌ది స్వీనోయ్. గొర్రెలున్నాయి, ట్రాక్టరుంది,
ఒక చెవి వినపడదు, అందుకని ఫోన్లో అరుస్తాడు.
"పడవ ఉందంది మీ తెర!"
మూడు వారాలు ఆగితే దొరికిన పళ్ళ డాక్టరు.
వాచిన దవడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని
రేవు మెట్ల మీద గంటన్నర నిలబడ్డాడట.
పడవ రాలేదు.
అలలు మాత్రం మెట్లెక్కి వచ్చాయి.

ఆ పొద్దుటి చిట్టా తీశాను.
ఆయన బొటనవేలు రెండుసార్లు నొక్కింది.
మొదటి ప్రశ్న ఆరు ఇరవై ఎనిమిదికి బయల్దేరింది,
అప్పటికింకా సముద్రం సరేనంటోంది.
ఆ మాట తిరుగుదారిలో
కొండ వెనక, సిగ్నల్ జారిపోయే చోట చిక్కుకుంది.
రెండోది ఆరున్నరకు వెళ్ళి
చెంగున వెనక్కొచ్చింది: లేదు.
తెర మీద 'లేదు' కుదురుగా కూచుంది,
నాలుగే సెకన్లు.
అప్పుడు ఊడిపడింది పాత 'ఉంది'.
రొప్పుతూ, నిలువునా తడిసి, తలుపు తోసుకొచ్చి
'లేదు'ను కుర్చీలోంచి లేపి తాను కూచుంది.

అబద్ధం చెప్పలేదది.
బయల్దేరినప్పటి నిజాన్ని
ఒలికిపోకుండా మోసుకొచ్చింది, అంతే.
నువ్వు ఏ పూట కబురువని అడగకుండా
లోపలికి రానిచ్చింది తలుపు.
తలుపు పెట్టింది నేను.

పక్క బల్ల దగ్గర రన్వా కాఫీ కప్పు దించకుండానే అంది:
"కొత్త ప్రశ్న గుమ్మం దాటగానే
పాతదాని దారం తెంపెయ్.
పెట్టె మూతపడేటప్పుడు కూడా అంతే.
లేని ఇంటికి జవాబులు రానివ్వకు."

లేని ఇల్లు అనగానే
ఆర్హుస్‌లో నా పాత అద్దెగది గుర్తొచ్చింది.
ఒకతన్ని ఒక మాట అడిగి ఉత్తరం రాశాను.
రెండు నెలలు చూసి గది ఖాళీ చేశాను.
నా తర్వాత దిగిన అమ్మాయి చెప్పింది,
కవరొకటి వస్తే విప్పకుండా రేడియేటరు మీద పెట్టిందట,
ఆ తర్వాత ఏమైందో గుర్తులేదట.
ఏమని రాశాడో.
నేనిప్పుడు అడగడం లేదు.

సాయంత్రానికి సరిచేశాను, పదకొండు వరసలు.
చేస్తూ చేస్తూ ఇంకోటి కలిపాను,
ఎవరూ అడగనిది:
ఎనిమిది సెకన్లలో ఏ కబురూ రాకపోతే
చక్రం ఆగాలి, పెట్టె ఒప్పుకోవాలి,
'తెలియడం లేదు' అని.

మార్చిలో మళ్ళీ ట్రోందుర్.
పన్ను పీకించుకున్నాడు, అరుపు తగ్గలేదు.
"మీ తెర తెలియదంటోందిప్పుడు!"
క్షమించమనబోయాను.
"బావుంది" అన్నాడు.
"తెలియదంటే నేనే కిటికీ తెరిచి చూసుకుంటాను."

ఫోన్లో గడియ తీసిన చప్పుడు.
తర్వాత చాలాసేపు గాలి.